ఏళ్ల తరబడి ఒకే మనవి: మళ్ళీ మళ్ళీ అడగడం అవిశ్వాసమా?

గాజువాక సిస్టర్

అందరికీ ప్రభువు పేరట వందనాలు.

గాజువాకలో శుక్రవారం స్త్రీల ఉపవాస కూడిక చూసుకునే బాధ్యత నాది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళల్లో స్టీల్ ప్లాంట్ షిఫ్టులో, పరవాడ వైపు ఫార్మా కంపెనీల్లో కాంట్రాక్టు పనులో ఉంటాయి. ఒక సిస్టర్ తన భర్త తాగుడు మానాలని ఏళ్ల తరబడి ప్రార్థిస్తోంది. ఈమధ్య ఒక కూటంలో ప్రసంగీకుడు మార్కు 11:24 చూపించి, "ఒక్కసారి అడిగాక పొందానని నమ్మి స్తుతించడమే. రెండోసారి అడిగావంటే మొదటిసారి నమ్మలేదన్నమాట" అని చెప్పారు. అప్పటి నుంచి ఆమె నోరు విప్పి ఆ మనవి చెప్పడం మానేసింది. తన అవిశ్వాసం వల్లే భర్త మారలేదని మనసులో పెట్టుకుంది.

లూకా 18లో విధవరాలి ఉపమానమేమో విసుగకుండా అడగమంటుంది. మత్తయి 6:7 వ్యర్థమైన మాటలు వద్దంటుంది. మార్కు 11 పొందామని నమ్మమంటుంది. ఈ మూడింటినీ కలిపి ఎలా అర్థం చేసుకోవాలి? ఒకే మనవిని ఎక్కువ కాలం మోయాలంటే రోజువారీ ఎలా చేయాలి? కూడికలో ఎలా నడిపించాలి? ఉపవాసం గురించి కూడా చెప్పండి, మా వాళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళు ఉన్నారు. వాక్యం చూపించి చెబితే శుక్రవారం కూడికలో పెడతాను.

మద్దిలపాలెం బెరయ

సిస్టర్, ముందు ఆమెను గెత్సేమనే దగ్గరికి, అంటే సిలువకు ముందు రాత్రి ప్రభువు ప్రార్థించిన తోట దగ్గరికి, తీసుకెళ్ళండి. మత్తయి 26:44లో యేసుప్రభువు మూడోసారి కూడా అవే మాటలతో ప్రార్థించాడని రాసి ఉంది. రెండోసారి అడగడమే అవిశ్వాసమైతే ఆ మాట ముందు ఎవరికి తగులుతుందో ఆలోచించమనండి.

తర్వాత 1 రాజులు 18వ అధ్యాయం మొత్తం ఒకేసారి చదివించండి. మీరడిగిన మూడు సంగతులూ ఆ ఒక్క అధ్యాయంలో ఉన్నాయి. బయలు అనే దేవత ప్రవక్తలు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఒకటే కేక పెట్టారు, ఒళ్ళు కోసుకున్నారు. మత్తయి 6:7లో ప్రభువు వద్దన్నది దీన్ని. మాటలు ఎక్కువైతే దేవుడు లొంగుతాడు అనుకోవడం అది. ఏలీయా అగ్ని కోసం చేసిన ప్రార్థన 36, 37 అని రెండే వచనాలు, అగ్ని వెంటనే దిగింది. అదే రోజు, అదే మనిషి వర్షం కోసం కర్మెలు కొండ మీద మోకాళ్ళ మధ్య ముఖం పెట్టుకుని వంగాడు. దాసుణ్ణి సముద్రం వైపు చూడమంటే "ఏమీ లేదు" అన్నాడు. ఏడుసార్లు పంపితే గానీ మనిషి చెయ్యంత మేఘం కనబడలేదు.

అగ్ని అడిగినప్పుడున్న విశ్వాసం వర్షం అడిగేటప్పటికి తగ్గిపోయిందా? లేదు కదా. ఒక మనవికి జవాబు ఒక్క మాటకే వచ్చింది, ఇంకొకదానికి ఏడుసార్లు పట్టింది. కాబట్టి జవాబు ఆలస్యమైందని ఆ మనిషి విశ్వాసాన్ని కొలవడం తప్పు. ఇంకో సంగతి, వర్షం పంపుతానని దేవుడు అదే అధ్యాయం మొదటి వచనంలోనే మాట ఇచ్చేశాడు. మాట చేతిలో ఉండి కూడా ఏలీయా మోకాళ్ళూనాడు. వాగ్దానం దొరికింది, ఇక అడగక్కర్లేదు అనేవాళ్ళకు ఈ వచనం చాలు.

ఇస్సాకు సంగతీ అంతే. అబ్రాహాముకు ఇచ్చిన సంతాన వాగ్దానం ఇస్సాకు ద్వారానే నెరవేరాలి, అందులో అనుమానం లేదు. అయినా భార్య రిబ్కా గొడ్రాలైతే ఆమె కోసం యెహోవాను వేడుకున్నాడు. ఆదికాండం 25లో లెక్క చూడండి: పెళ్ళినాటికి ఇస్సాకుకు 40 ఏళ్ళు, కవలలు పుట్టేనాటికి 60. మధ్యలో 20 ఏళ్ళు. మనం ఆ 21వ వచనాన్ని ఒక్క గుక్కలో చదివేస్తాం, వాళ్ళు ఆ ఇరవయ్యేళ్ళూ బతకాల్సి వచ్చింది.

ఇక మార్కు 11. 24వ వచనాన్ని 22 నుంచి, 25 నుంచి విడదీసి చెప్పడం వల్ల వచ్చిన చిక్కు ఇది. 22వ వచనం దేవుని యందు విశ్వాసముంచమంటుంది, 25వ వచనం నిలబడి ప్రార్థించేటప్పుడు ఎవరి మీద ఏమైనా ఉంటే క్షమించమంటుంది. అంటే నమ్మకం పెట్టాల్సింది దేవుని మీద, మన నమ్మకం ఎంత గట్టిదో దాని మీద కాదు. మధ్య వచనం ఒక్కటే పట్టుకుంటే ఆమెలాగే మనిషి తన లోపలికి చూసుకుంటూ, సరిపడా నమ్ముతున్నానా లేదా అని తూకం వేసుకుంటూ కూర్చుంటుంది. ప్రార్థన ఆగిపోయేది అక్కడే.

విధవరాలి ఉపమానంలో కూడా ఒక జాగ్రత్త చెప్పండి. ఆ న్యాయాధిపతి దేవుడిలాంటివాడు అని ప్రభువు చెప్పలేదు. దేవునికి భయపడనివాడు, మనుషుల్ని లెక్కచేయనివాడే విసిగి న్యాయం తీర్చాడంటే, తాను ఏర్పరచుకున్నవాళ్ళు రాత్రింబవళ్ళు మొరపెడితే దేవుడు తీర్చడా అన్నది అక్కడి మాట. కోర్టు గుమాస్తాను విసిగించినట్టు దేవుణ్ణి విసిగించి పని చేయించుకోవడం అని బోధిస్తే దేవుని తండ్రి స్వభావమే తారుమారవుతుంది. ఆ ఉపమానం ముగింపు 8వ వచనం: మనుష్యకుమారుడు వచ్చేటప్పటికి భూమి మీద విశ్వాసం కనబడుతుందా అని. అడుగుతూనే ఉండడం గురించి మొదలైన ఉపమానం విశ్వాసం గురించిన ప్రశ్నతో ముగిసింది. ప్రభువు లెక్కలో ఆ విధవరాలు మళ్ళీ మళ్ళీ రావడమే విశ్వాసం.

స్తుతిధ్వని

బెరయ అన్నా, మీరు చూపిన వాక్యాలకు ఆమేన్. కానీ ఆ ప్రసంగీకుడు చెప్పినదాంట్లో ఒక నిజం ఉంది, దాన్ని పారేయకూడదు. చాలామంది ప్రార్థన పేరుతో చేసేది భయాన్ని వల్లె వేయడం. "ప్రభువా, ఈరోజు కూడా తాగొస్తాడేమో, కొడతాడేమో, పిల్లల ఫీజు డబ్బులు ఊడ్చేస్తాడేమో" అంటూ అరగంట గడిపితే లేచేటప్పటికి గుండె ఇంకా బరువెక్కుతుంది. దేవునితో మాట్లాడినట్టు ఉండదు, కష్టంతో మాట్లాడినట్టు ఉంటుంది. అందుకే స్తుతి ముందు రావాలంటాను. ఫిలిప్పీ 4:6లో మనవులు కృతజ్ఞతతో కలిపి తెలియజేయమన్నాడు పౌలు. యాకోబు 1:6 కూడా ఊరికే రాయలేదు కదా, సందేహించేవాడు సముద్ర తరంగంలాంటివాడు అని.

మద్దిలపాలెం బెరయ

స్తుతిధ్వని బ్రదర్, భయాన్ని వల్లె వేయడం గురించి మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ భయానికి విరుగుడు స్తుతే, ఒప్పుకుంటాను. కాకపోతే ఫిలిప్పీ 4:6లో కృతజ్ఞత, మనవి పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి వచ్చాక రెండోది మానేయమని లేదు.

కష్టంతో మాట్లాడకుండా దేవునితో మాట్లాడడం ఎలాగో 13వ కీర్తన నేర్పుతుంది. ఆరే వచనాలు. 1, 2 వచనాల్లో "ఎంతవరకు" అనే ఫిర్యాదు, అదీ దేవుని ముఖం మీదే. 3, 4లో సూటిగా మనవి. 5, 6లో నీ కృపను నమ్ముకున్నాను అనే ఒప్పుకోలు, పాట. ఆ సిస్టర్ ఈ వరసలోనే తన మాటలు పెట్టుకోవచ్చు: ఫిర్యాదు రెండు వాక్యాలు, మనవి రెండు వాక్యాలు, నమ్మకం రెండు వాక్యాలు. ఫిర్యాదు దగ్గరే ఆగిపోతోందా అన్నది ఆమెకే తెలిసిపోతుంది. ఒక్కోరోజు మూడో భాగం నోటికి రాదు. అలాంటి రోజులకు 88వ కీర్తన ఉంది, అది చీకట్లోనే ముగుస్తుంది. అయినా దాన్ని లేఖనాల్లోంచి దేవుడు తీసేయలేదు.

యాకోబు 1:6 జ్ఞానం అడగడం గురించి వచ్చింది, 8వ వచనంలో ద్విమనస్కుడు అన్నాడు. దేవుని దగ్గర ఒక కాలు, ఇంకోచోట ఒక కాలు పెట్టినవాడు. ఆమె వేరే ఎక్కడికీ వెళ్ళలేదే! మార్కు 9:24లో బాధపడుతున్న పిల్లవాడి తండ్రి నమ్ముతున్నానంటూనే తన అపనమ్మకం విషయంలో సహాయం చేయమని అరిచాడు. ప్రభువు ఆ పిల్లవాణ్ణి బాగుచేశాడు. అపొస్తలుల కార్యాలు 12 చూడండి. చెరసాలలో ఉన్న పేతురు కోసం సంఘమంతా అత్యాసక్తితో ప్రార్థిస్తోంది. పేతురు వచ్చి తలుపు తడితే, చెప్పిన రోదే అనే చిన్నదాన్ని పిచ్చిదానివన్నారు. జవాబు వాకిట్లో నిలబడి తలుపు తడుతుంటే నమ్మలేనివాళ్ళ ప్రార్థనకే చెరసాల తలుపు తెరుచుకుంది.

మల్కాపురం గ్రూప్ లీడర్

వాక్యం వివరం అన్నయ్యలు చెప్పారు కాబట్టి నేను చేసే పద్ధతి వైపు వస్తాను.

ఎక్కువకాలం మోసే మనవికి నోటుపుస్తకం ఉండాలి. మామూలు 100 పేజీల రూళ్ళ పుస్తకం చాలు. ఒక మనవికి ఒక పేజీ. పైన తేదీ. కింద మనవి ఒకే వాక్యంలో, అదీ జరిగిందో లేదో చెప్పగలిగేలా రాయాలి. "ఆయన్ని మార్చు ప్రభువా" అని రాస్తే ఏది జవాబో ఎప్పటికీ తెలీదు. "డాక్టరు దగ్గరికి రావడానికి ఒప్పుకోవాలి", "జీతం రోజు సరాసరి ఇంటికి రావాలి" అని రాస్తే తెలుస్తుంది. పెద్ద మనవిని ఇలా విడగొట్టుకుంటే మధ్యలో వచ్చే జవాబులు కళ్ళకు కనబడతాయి. చాలామందికి ఓపిక పోయేది జవాబు రాక కాదు, వచ్చిన చిన్న జవాబులు గుర్తుపెట్టుకోక. దాని కింద ఆ మనవికి ఆధారంగా ఒక వాక్యం, ఆ కింద "నేను చేయాల్సింది" అని ఒక వరస. మిగతా పేజీ ఖాళీగా వదిలి, ఏదైనా జరిగినప్పుడు తేదీ వేసి రాయాలి.

రోజూ చదివే పేర్లు ఎక్కువైతే ప్రార్థన హాజరు పట్టీ అయిపోతుంది. రోజూ మోసేవి రెండు మూడు మించొద్దు. మిగతావి వారానికి పంచుకోండి, రోజుకు ఐదారు. సోమవారం బంధువులు, మంగళవారం రోగులు, అలాగ. ఆదివారం కొత్త మనవులు పెట్టకుండా పాత పేజీలు తిరగేసి కృతజ్ఞత చెప్పడానికి ఉంచండి.

సమయం ఇరవై నిమిషాలు ఎలా వాడాలంటే, ముందు వాక్యం. మొదటి ఏడెనిమిది నిమిషాలు ఒక కీర్తన లేదా సువార్తలో ఒక భాగం చదివి, అందులోంచే ప్రార్థనలోకి వెళ్ళాలి. బ్రిస్టల్‌లో అనాథ శరణాలయాలు నడిపిన జార్జ్ ముల్లర్ 1841లో ఈ మార్పు చేసుకున్నాడు. అంతకుముందు లేవగానే ప్రార్థనలో కూర్చుంటే మనసు ఎక్కడెక్కడికో పోతోందని, ముందు వాక్యం ధ్యానించడం మొదలుపెట్టాక ప్రార్థన దానంతట అదే వచ్చేదని రాసుకున్నాడు. మనసు చెదిరిపోవడం అందరికీ ఉంటుంది. నోటితో మెల్లగా పలకడం, చేతిలో పుస్తకం ఉంచుకోవడం, ఫోను వేరే గదిలో పెట్టడం, ఈ మూడూ చేస్తే సగం తగ్గుతుంది. ఫోన్లోనే బైబిల్ చదివేవాళ్ళు కనీసం నెట్ ఆపేసి చదవండి.

షిఫ్టుల ఇళ్ళల్లో "తెల్లవారుజామున 4 గంటలకు" అని నియమం పెట్టొద్దు. వారం వారం మారే షిఫ్టుకు గడియారం నియమం నిలవదు. రెండో వారానికే తెగిపోతుంది, తెగిన దగ్గర్నుంచి దోషభావం పట్టుకుంటుంది. పనికి కట్టండి: డ్యూటీకి బయలుదేరే ముందు పది నిమిషాలు, నిద్ర లేచాక పది నిమిషాలు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చి మోకాళ్ళూనితే నిద్రే వస్తుంది. పడుకుని లేచాక కూర్చోండి. ఒక్కగది ఇల్లయితే ఏకాంతం దొరకదు, ఆడవాళ్ళకు మరీ. మేడ మీద, నీళ్ళు పట్టే వేళ, బస్టాపుకు నడిచే దారి, ఎక్కడైనా సరే. అది కూడా లేకపోతే పమిట చెంగు తల మీదికి లాక్కుని గోడవైపు తిరిగి కూర్చోవడం ఇంట్లోవాళ్ళు అర్థం చేసుకుంటారు.

ఇక కూడిక. గంట కూడికలో నలభై నిమిషాలు మనవులు చెప్పుకోవడానికే పోతాయి, అదే పెద్ద రోగం. అందులోనూ మనవి మెల్లగా ఆ ఇంటి సంగతులుగా మారిపోతుంది. ఒక్కొక్కరు ఒక్క మనవి, రెండు మూడు వాక్యాల్లో చెప్పాలి. చెప్పిన వెంటనే, తర్వాతి మనవికి వెళ్ళకముందే, పక్కనున్న సిస్టర్ దానికోసం ప్రార్థించాలి, అందరూ ఆమేన్ చెప్పాలి. ఇలా చేస్తే పదిమందికి ముప్పై నిమిషాలు చాలు. వాట్సాప్ గ్రూపులో ఎవరి ఇంటి మనవి పెట్టాలన్నా వాళ్ళను అడిగాకే. "ఒక సిస్టర్ భర్త కోసం" అంటే సరిపోతుంది, దేవునికి పేరు తెలుసు. బయటికి పాకిన మనవి వల్ల ఆయన ఇంకా మొండికేస్తాడు, ఆమె ఇంకో కూడికకు రాదు.

గొలుసు ప్రార్థన పెట్టుకుంటే 24 గంటలకు అరగంట చొప్పున 48 వంతులు. రాత్రి 1 నుంచి 4 మధ్య తెగుతుంది, ఎప్పుడూ అక్కడే. ఆ వంతులకు ఇద్దరిద్దర్ని వేయండి. తన వంతు అయినవాళ్ళు తర్వాతివాళ్ళకు ఫోను చేసి లేపాకే పడుకోవాలి.

కేజీహెచ్ దగ్గర్నుంచి, నర్సు

ఉపవాసం గురించి అడిగారు కదా సిస్టర్, అది నేను చెబుతాను. పెద్దమాట ఒకటే: మందు మానేసి చేసే ఉపవాసాన్ని దేవుడు ఎక్కడా అడగలేదు.

ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, గ్లిమిపిరైడ్ రకం షుగర్ బిళ్ళలు వేసుకునేవాళ్ళు మందు వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది. పూట మానేసే ఉపవాసం వాళ్ళకు వద్దు. చేయాలనుకుంటే డాక్టరుతో మోతాదు మాట్లాడుకునే చేయాలి. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, మాట తడబడడం, పొంతన లేకుండా మాట్లాడడం, ఇవన్నీ షుగర్ పడిపోతున్న గుర్తులు. ఉపవాస కూడికలో ఎవరైనా ఇలా వణుకుతుంటే ఆత్మావేశం అనుకుని చుట్టూ నిలబడి చేతులుంచడం ప్రమాదం. గ్లూకోమీటర్‌లో 70 కంటే తక్కువ ఉంటే మూడు టీస్పూన్ల పంచదార లేదా గ్లూకోజ్ నీళ్ళలో కలిపి వెంటనే తాగించాలి. మీటరు లేకపోయినా గుర్తులు ఉంటే ఇచ్చేయండి. పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడాలి, తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోను చేయండి. కూడిక జరిగే ఇంట్లో పంచదార డబ్బా అందుబాటులో ఉంచండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టీబీ మందులు వాడేవాళ్ళు పూట మానొద్దు. బీపీ, ఫిట్స్, మానసిక వ్యాధుల బిళ్ళలు ఉపవాసం రోజు కూడా వేళకు వేసుకోవాల్సిందే. మన విశాఖ ఉక్కపోతలో, మే నెలలో నీళ్ళు కూడా తాగకుండా ఉంటే మూత్రపిండాల్లో రాళ్ళున్నవాళ్ళకు అదే రోజు నొప్పి మొదలవ్వచ్చు. నీళ్ళు మానకండి. దానియేలు 10:3లో మూడు వారాలు చేసింది రుచిగల ఆహారం, మాంసం, ద్రాక్షారసం మానడం. షుగర్ ఉన్నవాళ్ళకు ఆ పద్ధతి హాయి: వేళకు సాదా భోజనం, నాన్‌వెజ్, స్వీట్లు, టీవీ మానేయడం. ఉపవాసం విడిచేటప్పుడు గంజో, రాగిజావో, మజ్జిగో. సాయంత్రం కూడిక అవగానే బిర్యానీ పెడితే కడుపు పట్టేస్తుంది.

ఆ సిస్టర్ భర్త సంగతిలో ఇంకా ముఖ్యమైనది. రోజూ ఎక్కువ తాగే మనిషిని "ఈ రోజు నుంచి చుక్క ముట్టను" అని ప్రార్థనలో ప్రమాణం చేయించి ఇంట్లో కూర్చోబెడితే ప్రాణం మీదికి రావచ్చు. ఒక్కసారిగా ఆపితే మొదటిరోజే వణుకు, చెమట, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనబడడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం వస్తే అది ఆసుపత్రిలో చూడాల్సిన అత్యవసర పరిస్థితి. దయ్యం అనుకుని ఇంట్లో ఉంచి ప్రార్థించకండి. ఆసుపత్రిలో ఉండగా ప్రార్థించండి. డాక్టర్ల పర్యవేక్షణలో మాన్పిస్తే మందులు, విటమిన్ బి1 ఇచ్చి ఆ రోజులు దాటిస్తారు. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్ళొచ్చు. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఎవరో ఇచ్చారని మాన్పించే మాత్రలు ఆయనకు తెలియకుండా కూరలో కలపడం అస్సలు చేయొద్దు. తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ మాత్ర కడుపులో ఉండగా సారా తాగితే బీపీ పడిపోయి ప్రాణాపాయం.

కొడుతుంటే మాత్రం ఆమె, పిల్లలు క్షేమంగా ఉండే చోటికి వెళ్ళడం ముందు. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. దెబ్బలు తింటూ అక్కడే ఉండడం ప్రార్థనలో పట్టుదల కిందికి రాదు. దూరంగా ఉండి కూడా ఆయన కోసం ప్రార్థించవచ్చు.

గాజువాక సిస్టర్

అందరికీ వందనాలు. నర్సు సిస్టర్ చెప్పినవి రాసుకున్నాను. ఇంకొక్కటి అడుగుతాను. ఎప్పుడు ఆపాలి? దేవుడు కాదంటే ఎలా తెలుస్తుంది? కూడికలో ఒక పెద్దావిడ "ఇన్నేళ్ళు అడిగావు, దేవుని చిత్తం కాదేమో, వదిలెయ్" అని ఆమెతో అన్నారు.

పాత పోస్టాఫీసు పెద్దాయన

అమ్మా, ఆపమని దేవుడు చెప్పిన సందర్భాలు లేఖనాల్లో ఉన్నాయి, వాటిని దగ్గరగా చూడు. మోషే కనానులోకి వెళ్తానని బతిమాలాడు. ద్వితీయోపదేశకాండం 3:26లో ఇక ఈ సంగతి నాతో మాట్లాడొద్దని యెహోవాయే అన్నాడు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, "నా కృప నీకు చాలును" అనే జవాబు ప్రభువే ఇచ్చాడు. దావీదు జబ్బుపడ్డ బిడ్డ కోసం ఏడు రోజులు నేల మీద పడి ఉపవాసమున్నాడు. బిడ్డ చనిపోయాడని తెలిసిన వెంటనే లేచి స్నానం చేసి, మందిరానికి వెళ్ళి మొక్కి, అన్నం తిన్నాడు. మూడుచోట్లా ఆపమన్నది ఎవరు? ఒకచోట దేవుని మాట, ఒకచోట ప్రభువు జవాబు, ఒకచోట జరిగిపోయిన సంగతి. పక్కింటి పెద్దమనిషి అంచనా కాదు. ఏళ్ళు గడిచాయి అన్నది కూడా కారణం కాదు. ఒక మనిషి తాగుడు నుంచి బయటపడడం దేవునికి ఇష్టమా కాదా అని సందేహపడక్కర్లేదు. మత్తులో ఉండొద్దని ఎఫెసీ 5:18లో రాసే ఉంది. కాకపోతే భర్త మనసు భర్తది. దేవుడు మనిషిని మెడపట్టి లాగడు. అందుకని ఆమె ప్రార్థనకు గడువు పెట్టకూడదు, ఆయన చేసిన దానికి ఆమెను జవాబుదారీ చేయకూడదు.

దేవుడు వేరే దారిన జవాబిస్తాడని నమ్మి ఎదురుచూసినవాళ్ళు మన తెలుగు నేల మీదే ఉన్నారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ మీద ఐదుగురు ప్రార్థించారు: మిషనరీ జూవెట్ దొరగారు, ఆయన భార్య, వాళ్ళతో ముగ్గురు తెలుగువాళ్ళు. అప్పటికి అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ మూసేద్దామా అన్న చర్చలు వాళ్ళ దేశంలో నడుస్తున్నాయి. ఒంగోలుకు మిషనరీ కావాలని అడిగారు. ఆ మిషనరీగా వచ్చిన క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ళు. తర్వాత 1876 నుంచి 78 దాకా కరువు. క్లౌగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు పని ఇచ్చారు. కరువులో తిండి కోసం ఎవరూ రాకూడదని బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అనే అంటారు. ఈ కథలో జనం 2,222 దగ్గర ఆగిపోతారు. నన్నడిగితే కాలువ తవ్వకం దగ్గర ఆగాలి. ప్రార్థించినవాళ్ళు పారలు కూడా పట్టించారు. మల్కాపురం తమ్ముడు నోటుపుస్తకంలో "నేను చేయాల్సింది" అని వరస పెట్టమన్నది అందుకే.

మన విశాఖపట్నం మాట కూడా చెప్పాలి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ దెగ్రాంజ్ ఈ ఊరొచ్చారు. తెలుగు నేర్చుకుని సువార్తలు తర్జుమా చేయడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, దెగ్రాంజ్ 1810లో పోయారు. ఆ పనిని ప్రిచెట్ అనే మిషనరీ అందుకున్నాడు, తెలుగు కొత్త నిబంధన 1818లో అచ్చయింది. మొదలుపెట్టిన ఇద్దరూ దాన్ని చేత్తో పట్టుకోలేదు. అడిగినవాళ్ళ కళ్ళ ముందు జరగకపోతే జవాబు లేనట్టు కాదు తల్లీ.

గాజువాక సిస్టర్

అర్థమైంది తాతగారూ. ఈ శుక్రవారం ఆమెతో ఏం చేయమంటారు? ఇంకా నోరు విప్పడం లేదు.

మల్కాపురం గ్రూప్ లీడర్

ఈ శుక్రవారం ఆమెను ప్రార్థించమని అడగకండి. మనవి కూడా చెప్పించకండి. కూడికకు ముందు విడిగా కూర్చుని 1 రాజులు 18, 41 నుంచి 45 దాకా మీరే చదివి వినిపించండి. "నీ వంతు మేం అడుగుతాం, నువ్వు ఆమేన్ అను చాలు" అని చెప్పండి. మార్కు 2లో పక్షవాతం ఉన్నవాణ్ణి నలుగురు మోసుకొచ్చి ఇంటి కప్పు విప్పి దించారు. ప్రభువు చూసింది వాళ్ళ విశ్వాసం అని 5వ వచనంలో ఉంది. మీలో ఇద్దరు నెలరోజుల పాటు ఆ మనవి తీసుకోండి, రోజుమార్చి రోజు. కూడికకు కాకుండా వారంలో ఒకసారి ఆమె ఇంటికి వెళ్ళిరండి, ఆయన డ్యూటీలో ఉన్న వేళ చూసుకుని. టెలీ మానస్‌కు ఫోను చేసేటప్పుడు పక్కనే కూర్చోండి. పుస్తకంలో ఆమె పేజీ మీరు తెరవండి, తేదీ వేసి, మొదటి మనవిగా "డాక్టరు దగ్గరికి రావడానికి ఒప్పుకోవాలి" అని రాయండి. పెన్ను ఆమె ఎప్పుడు అడిగితే అప్పుడు ఇవ్వండి.

కేజీహెచ్ దగ్గర్నుంచి, నర్సు

ఆయన ఒప్పుకున్న రోజు ఆలస్యం చేయకండి, ఆ మనసు సాయంత్రానికి మారిపోవచ్చు. ఆధార్ కార్డు, పాత మందుల చీటీలు ఉంటే అవి, రోజుకు ఎంత తాగుతారు, చివరిసారి ఎప్పుడు తాగారు అన్నది ఒక కాగితం మీద రాసుకుని, ఓపీకి పొద్దున్నే బయలుదేరండి. చివరిసారి ఎప్పుడు తాగారన్నది డాక్టరు మొదట అడుగుతారు.